తువ్వాలు కింద బేరం

నేను నూజివీడులో ఆసుపత్రి డాక్టర్ని. మామిడి తోటల్లో రసాలు పండటం మొదలైతే చాలు, మా ఓపీ వరుస గేటు దాటి, ఊరు దాటి, హనుమాన్ జంక్షన్ దాకా సాగి లారీలకు అడ్డం పడుతుంది. అందరికీ షుగరే.

ఆ వరుసలో ముందుండేవాడు ఒక మామిడి వ్యాపారి. ఆయన కంటే ముందు ఆయన పొట్ట నా గదిలోకి వచ్చేది. ఆయన చేరేసరికి దానికి సగం పరీక్ష అయిపోయేది. వెనకే ఆయన భార్య.

"పళ్లు తిన్నారా?"

"రామ రామ! వాసన కూడా చూళ్లేదండీ."

"ఈయన మీసాలు పిండితే గ్లాసుడు రసం వస్తుందండీ," అనేది ఆవిడ.

ఒకరోజు ఆయన భుజమ్మీది తువ్వాలు తీసి నా చేతిమీద కప్పాడు. మార్కెట్లో బేరం అలాగే చేస్తారు. పైకి నోటితో ఎంతైనా బొంకొచ్చు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పే ధర మాత్రం నిజం. అక్కడ అబద్ధమాడినవాడి సరుకు మర్నాటినుంచి ఈగ కూడా ముట్టదు.

ఆయన నా నాలుగు వేళ్లు నొక్కాడు. నాలుగు పళ్లు! నేను మందు డోసు పెంచాను.

"ముట్టకపోతే డోసెందుకు పెంచారండీ?" అంది ఆవిడ.

"వాసనకండీ."

ఆ వేసవిలోనే నా నిద్ర నాతో చెప్పకుండా చాట్రాయి తోటల్లోకి కాపురం మార్చేసింది. ఓపీలో జోకులు వేసేవాణ్ణి. ఇద్దరు రోగుల మధ్య కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేవాణ్ణి. ఆ కన్నీళ్లు పట్టి ఉంటే ఊరి ట్యాంకు నిండేది. ఒక ఉదయం ఆసుపత్రి గేటు ముందు కారు ఆపలేక, ఎక్కడికో తెలియకుండా ముందుకు పోయాను. ఇది జబ్బేనని నాకు తెలుసు. కానీ డాక్టరు పిచ్చి డాక్టర్ని కలిశాడన్న వార్త తిరుగు బస్సు కంటే ముందు ఊరు చేరుతుంది. తోటి డాక్టర్లు "ఎలా ఉన్నావ్?" అంటే "ఏనుగులా!" అనేవాణ్ణి.

మరుసటి వారం వ్యాపారి తన వేళ్ల లెక్క చెప్పాక కూడా తువ్వాలు తీయలేదు.

"ఇప్పుడు మీ బేరమండీ. కళ్లు అలా ఎర్రబడ్డాయేం?"

"నాకేమయ్యా! గుండ్రాయిలా ఉన్నాను."

"నోటిమాట మా మార్కెట్లో ఎవడిక్కావాలి? వారానికి ఎన్ని రోజులు బాగుంటున్నారు? నొక్కండి."

నేను కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాను. నవ్వు ఆగింది, ఆయన చెయ్యి మాత్రం అక్కడే ఉంది. నా చెయ్యి ఆయన ఒక్క వేలు పట్టుకుంది. కాసేపటికి దాన్నీ వదిలేసింది.

"ఏంటి, ఎంతకి కుదిరింది?" అంది భార్య.

"ఈ సరుకు బెజవాడలో చూపించాలే," అన్నాడాయన.

తెల్లారాక నన్ను తన వ్యానులో, కలెక్టరు బంగళా కంటే ఎత్తున పేర్చిన మామిడి ట్రేల ముందు కూర్చోబెట్టాడు. దారిలో అడిగినవాళ్లందరికీ "డాక్టర్ గారికి మార్కెట్ చూపిస్తున్నా" అన్నాడు. మానసిక వైద్యుడి తలుపు దగ్గర తువ్వాలు నా చేతిలో పెట్టి, "లోపల ఆయనకి మన బేరం తెలీదండీ. మీరే నోటితో చెప్పాలి," అన్నాడు.

మొదటి జోకుకి ఆ వైద్యుడు నవ్వలేదు. రెండోదానికీ నవ్వలేదు. తువ్వాలు పిసుకుతూ, కుళాయి సంగతి చెప్పాను.

మందులతో, మాటలతో నిద్ర మెల్లగా, ముందు చెప్పులు, తరవాత చాప, ఒక్కొక్కటే సర్దుకుంటూ తిరిగొచ్చింది. ఆ తువ్వాలు ఇప్పుడు మా డ్యూటీ రూములో మేకుకి వేలాడుతోంది. అదెందుకో చెబితే అందరూ నవ్వారు. మొన్న మా సర్జన్, ఆయన దగ్గితే స్ట్రెచర్లు వాటంతటవే పరిగెడతాయి, లోపలికొచ్చి తలుపేశాడు.

"ఆ గుడ్డ ఒకసారి ఇటివ్వు," అన్నాడు.

రెండు వేళ్లు.

వెంటనే వ్యాపారికి ఫోన్ చేశాను.

"వ్యానులో ఒక సర్జన్‌కి చోటుందా?"

"పదిమందినైనా ఎక్కించండి," అన్నాడు, ఏదో జుర్రుతూ.

"నోట్లో ఏంటది?"

"దోసకాయండీ."

ఫోనుకి తువ్వాలు కప్పలేం కదా.