చున్నీ కింద రొట్టె

సౌదీలోని హుఫూఫ్‌లో నేను పనిచేసే మేడమ్ వంటింట్లో కుబ్బూస్ రొట్టెలు వేడెక్కే వాసన వస్తే నాకు మా ఊరి సండే స్కూలు గుర్తొస్తుంది. హిట్లర్ ఖైదులో పెట్టిన యూదుల్లో కొందరు ఆకలికి ప్రార్థన మానేశారని, పక్కవాడికి తెలియకుండా రొట్టె దాచుకున్నారని టీచరమ్మ చెప్పింది.

"ఛీ! నేనైతే సగం పెట్టేదాన్నండి!" అన్నాను.

"ఎన్నాళ్ళు పస్తున్నావే నువ్వు?"

"పొద్దున్నించీ అండి!"

టీచరమ్మ తప్ప అందరూ నవ్వారు.

ఈ దేశం వచ్చిన కొత్తలో పనికొచ్చిన మమ్మల్ని ఏజెంటు తిండి పెట్టకుండా గదిలో పెట్టి తాళం వేశాడు. నాకు ప్రార్థన రాలేదు. నాతోపాటు వచ్చిన మార్తక్క పక్కనే కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, చున్నీ కింద దాచిన రొట్టె తినేశాను.

"తినడానికి ఏవైనా ఉందేంటమ్మా?" అంది కళ్ళు తెరిచి.

"లేదక్కా."

ఆ యూదులు ఏళ్ళ తరబడి ఆకలి పడ్డారు. నాకు మూడు రోజులే పట్టింది, టీచరమ్మా.