హొగేనక్కల్ మునియప్ప బొటనవేలు

1986 వేసవి మొదట్లో నన్ను సేలం నుంచి ధర్మపురి శాఖకు బదిలీ చేశారు. హోదా రెండో అధికారి. అంటే మేనేజరు తర్వాతివాణ్ణి. తిట్లు తినేటప్పుడు మాత్రం ఆయనకన్నా ముందువాణ్ణి. సేవింగ్సు ఖాతాల చెల్లింపులు మంజూరు చేయడం ఒకటి, మా బ్యాంకు అప్పుడప్పుడే మొదలుపెట్టిన క్రెడిట్ కార్డుల వ్యవహారం చూడడం ఒకటి, రెండూ నా బల్ల మీదే పడ్డాయి. ఈ రెండింట్లోనూ మోసాలు జరగకుండా ప్రాంతీయ కార్యాలయంలో భద్రతా విభాగమనే కొత్త శాఖ వెలిసింది. దాని మొదటి సర్క్యులర్ చదివి నేనెంత మురిసిపోయానంటే, అదే సాయంత్రం బజారుకు వెళ్ళి సొంత డబ్బుతో ఒక భూతద్దం కొనుక్కున్నాను. పక్కసీటు గుమాస్తా కళ్ళజోడు పోయిందా సార్ అని అడిగితే, దొంగలు దొరుకుతారయ్యా అన్నాను. నా మూర్ఖత్వాన్ని ముందే ఒప్పుకుంటే మిగతావాళ్ళను తిట్టడానికి కొంత హక్కు వస్తుందని ఆశ. భూతద్దం చిన్నవాటిని పెద్దవి చేస్తుందంటారు. నా విషయంలో అది తిరగబడింది.

బ్యాంకు పని తెలియని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. సంతకం రానివాళ్ళు ఖాతా తెరిచినప్పుడు వాళ్ళ బొటనవేలి ముద్రను నమూనా కార్డు మీద తీసుకుంటాం. ఫోటో ఒకటి పాసుబుక్కులో, ఒకటి మా దగ్గర ఉంటుంది. డబ్బు కావాలంటే ఖాతాదారు స్వయంగా రావాలి, అధికారి కళ్ళెదుట ఫారం మీద వేలు వేయాలి. అధికారి మనిషిని చూసి, ఫోటోను చూసి, ‘నా సమక్షంలో వేశారు’ అని రాసి సంతకం చేస్తాడు. ముద్రలో గీతలు ఎటు తిరిగాయో ఎవరూ చూసేవాళ్ళు కాదు. చూసినా అర్థం చేసుకునే చదువు మాకు లేదు. అయితే ఏదో ఊళ్ళో ఎవరో చనిపోయినామె ఖాతాలోంచి డబ్బు లాగేశారట. దాంతో సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట గీతలను నమూనాతో పోల్చాలి, పోలిక కుదరకపోతే చెల్లించకూడదు, ముద్రను ప్రాంతీయ కార్యాలయానికి పంపి నిపుణుడి అభిప్రాయం కోసం ఆగాలి. పరిచయస్తుల సాక్ష్యం చెల్లదు. ఫోటో మార్చే వీలుంది కనుక ఫోటో కూడా చాలదు.

అప్పటికే డబ్బు కట్టడానికి వస్తూ నాకు ముఖపరిచయమైన మునియప్ప ఆ వారంలోనే వచ్చాడు. హొగేనక్కల్‌లో జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్ళకు నూనె మర్దన చేయడం ఆయన పని. మాలాగే వాళ్ళిల్లూ తెలుగిల్లు, గడప దాటితే తమిళం. వెంట భార్య గోవిందమ్మ వచ్చింది. మెట్ల పక్కన చేపలు వేయించి అమ్ముతుంది ఆమె. ఆ కొట్టు స్థలాలను పంచాయతీవాళ్ళు ఏటా వేలం వేస్తారు. పాటలో నిలబడాలంటే ముందే డిపాజిట్టు కట్టాలి. వేలం దగ్గరపడింది. వాళ్ళు కూడబెట్టిందంతా మా దగ్గరే ఉంది. ఇంట్లో పెట్టుకుంటే ఎలకలొకటి, చుట్టాలొకటి అని గోవిందమ్మ ఉద్దేశం.

ఆయన సిరా దిండు మీద వేలు నొక్కి ఫారం మీద వేశాడు. తీసి చూస్తే నల్లటి మచ్చ. గీత అన్నదే లేదు. ఇంకోసారి వేయించాను. ఇంకో మచ్చ. నమూనా కార్డు తీశాను. ఖాతా తెరిచిననాటికి ఆయన పరిసలు, అంటే గుండ్రటి తోలు పడవ, నడిపేవాడు. అప్పటి ముద్రలో గీతలు దున్నిన చేనులా తీర్చి ఉన్నాయి. తర్వాత మర్దనలోకి దిగాడు. ఏళ్ళ తరబడి జనం వీపుల మీద బొటనవేళ్ళు ఒత్తి ఒత్తి గీతలన్నీ చదునైపోయాయి. నేను భూతద్దం తీసి ఆ మచ్చ మీద పెట్టాను. మచ్చ పెద్దదైంది.

“ఏం సామీ, ఏలు బాగలేదా?” అన్నాడు మునియప్ప.

గీతలు కనిపించడం లేదన్నాను.

గోవిందమ్మ ముందుకొచ్చింది. “ఊర్లోళ్ళ ఒళ్ళంతా తోమి తోమి అరగదీసుకున్నాడు గదా సామీ. ఆ తోమిన దుడ్డే మీకాడ పెట్టినాము. ఇప్పుడు అరగని ఏలు తెమ్మంటే యాడ తెస్తాడు? కాలి ఏలు చాలా?”

గుమాస్తాలు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ సర్క్యులర్‌లో నవ్వడానికి నిబంధన లేదు. నూనె వల్ల సిరా పట్టడం లేదేమోనని కడుక్కు రమ్మన్నాను. శీకాయతో కడిగాడు, సున్నం రాశాడు, ఎవరో చెబితే కిరసనాయిలు కూడా రుద్దాడు. చర్మం ఎర్రబడింది, ముద్ర మారలేదు. ఆ చెయ్యి ఆరబెట్టుకుంటూ బెంచీ మీద కూర్చున్న మనిషిని చూస్తే నాకు మొదటిసారి ఆ సర్క్యులర్ రాసినవాడి మీద కోపం వచ్చింది. రెండోసారి నా మీద.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, రిటైర్మెంటు దగ్గరపడినవాడు. “ఆయన మునియప్పేనని నాకూ తెలుసు. నా నడుం పట్టేస్తే సరిచేసింది కూడా ఆయనే. కానీ నువ్వు ఇచ్చావనుకో, ఆడిట్‌లో అది నీ జీతంలోంచి పోతుంది. నేనిచ్చానంటే నా పెన్షన్‌లోంచి” అన్నాడు. తన నడుముకు తెలిసిన వేలు తన బ్యాంకుకు తెలియకుండా పోయింది.

సేలంలోని ప్రాంతీయ కార్యాలయానికి ట్రంకాల్ బుక్ చేశాను. భద్రతా విభాగం అధికారి శేషగిరి లైన్లోకి వచ్చాడు. సర్క్యులర్ రాసింది ఆయనే. మాటలు తమిళంలో సాగాయి, సారాంశం ఇది. వేలికి గీతలు లేవన్నాను. అయితే పోలిక కుదరలేదన్నమాట అన్నాడు. మనిషి నా ఎదుటే ఉన్నాడు, నాకు తెలిసినవాడు, మేనేజరుకూ తెలుసు అన్నాను.

“నీకు తెలిస్తే ఏం లాభం? నమూనా కార్డు మీద ఉన్నది ఆయన ముఖం కాదు, ముద్ర.”

అరిగిపోయినవాళ్ళంతా ఏం చేయాలన్నాను. కొత్త ముద్రలు తీసి మూడు ప్రతులుగా పంపమన్నాడు. మద్రాసులో నిపుణుడు చూస్తాడట. గీతలు లేని వేలికి పాతవయినా కొత్తవయినా ఒకటే కదా అనేలోపు మూడు నిమిషాలయ్యాయని ఆపరేటర్ లైన్ కోసేసింది. సర్క్యులర్ అన్న పేరు ఊరికే పెట్టలేదు. ఎక్కడ పట్టుకున్నా తిరిగి మొదటికే తెస్తుంది.

ఖాతా మూసేసి డబ్బు గోవిందమ్మ పేరుకు మారుద్దామంటే, మూయడానికి వేలిముద్ర కావాలి. ఆమెను జాయింటుగా చేరుద్దామంటే, చేర్చడానికి వేలిముద్ర కావాలి. మూడు ప్రతుల మచ్చలు మద్రాసుకు వెళ్ళాయి.

ఇక్కడ క్రెడిట్ కార్డుల సంగతి చెప్పకపోతే నా కోపం సగమే అర్థమవుతుంది. హొగేనక్కల్‌లో ఒక లాడ్జి మా కార్డులు తీసుకునేది. పద్ధతి ఏమిటంటే, కార్డును చిన్న ఇనుప యంత్రంలో పెట్టి దాని మీద స్లిప్పు పరిచి పిడిని అటూ ఇటూ లాగితే, కార్డు మీద ఉబ్బెత్తుగా ఉన్న పేరూ నంబరూ స్లిప్పు మీద పడతాయి. అతిథి కింద సంతకం చేస్తాడు. కార్డు వెనక ఉన్న సంతకంతో పోల్చుకోవలసింది లాడ్జి గుమాస్తా. బిల్లు ఒక హద్దు దాటితేనే మాకు ఫోన్ చేసి అనుమతి అడగాలి. పోయిన కార్డుల జాబితా పోస్టులో వస్తుంది. అది మాకు చేరేసరికి దొంగ సినిమా చూసి, భోంచేసి, ఊరు దాటిపోయేవాడు. మునియప్ప ముద్రలు మద్రాసు దారిలో ఉన్న రోజుల్లోనే లాడ్జి నుంచి వచ్చిన స్లిప్పుల్లో ఒకటి నా దగ్గరికొచ్చింది. సంతకం తొక్కిన పురుగులా ఉంది. హద్దులోనే ఉంది కనుక నిబంధన ప్రకారం లాడ్జికి డబ్బు ఇచ్చేశాను. తర్వాత జాబితా వచ్చింది. ఆ కార్డు బెంగళూరులో ఎవరో పోగొట్టుకున్నది.

విషయం రాసి పంపితే భద్రతా విభాగం నుంచి ఒక వాక్యం జవాబుగా వచ్చింది. ‘నష్టం భరించబడినది.’ అంతే. ముఖం చూడని దొంగకు మా బ్యాంకు లాడ్జి ఖర్చులు పెట్టింది. ముఖం తెలిసిన మునియప్పకు ఆయన డబ్బు ఆయనకివ్వలేదు. ఆ కాగితం చదివిన రోజు భోజనం సహించలేదు. ఇంట్లో కారణం అడిగితే ‘భద్రత ఎక్కువైంది’ అన్నాను.

వేలానికి ముందురోజు దంపతులు మళ్ళీ వచ్చారు. మద్రాసు నుంచి ఏమీ రాలేదని చెప్పాను. నా సొంత డబ్బు ఇస్తాను, డిపాజిట్టు కట్టండి, తర్వాత చూసుకుందాం అన్నాను.

మునియప్ప నవ్వలేదు, కోప్పడలేదు. “నా దుడ్డు మీకాడ ఉండంగ నీ దుడ్డు నాకెందుకు సామీ? నేనేమన్నా అప్పు అడగను వచ్చినానా?”

గోవిందమ్మ మాత్రం వదల్లేదు. “ఏమప్పా, మనోడివని తెలుగులో అడుగుతుండాను. ఈయన మునియప్ప కాదంటే, ఇన్నేండ్లు నేను ఎవురితో సంసారం చేసినట్టు? అదన్నా రాసియ్యి కాగితంలో!”

శాఖంతా గొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయాడు.

మరుసటి రోజు మెట్ల పక్క స్థలం పెన్నాగరం నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు పాడుకున్నాడు. వేలు అరిగినవాడికి వేలు ఇవ్వలేక వేలం పోగొట్టాం. ఈ మాట అప్పట్లో నాకు తమాషాగా తట్టింది కానీ ఎవరితోనూ అనలేకపోయాను. గోవిందమ్మ పొయ్యి బస్‌స్టాండు వెనక్కి పోయింది. అక్కడ బస్సు పట్టుకునే తొందరే తప్ప చేపలు తినే తీరిక ఎవరికుంటుంది? కొన్నాళ్ళకు ఆమె తన పాత చోటులోనే, ఆ కాంట్రాక్టరు దగ్గర, రోజుకూలికి చేపలు వేయించింది.

మద్రాసు నుంచి అభిప్రాయం వేలం అయిపోయాక వచ్చింది. ‘పోల్చుటకు వీలుకాదు.’ ఇది చెప్పడానికి నిపుణుడక్కరలేదు, గోవిందమ్మ చాలు. చివరికి ప్రాంతీయ కార్యాలయం ఒక దారి చూపింది. రేపు తేడా వస్తే బ్యాంకు నష్టం తామే కడతామని నష్టపూచీ బాండు రాసిచ్చి, ఇద్దరు జామీనుదారుల్ని తెస్తే చెల్లించవచ్చట. బాండు తయారైంది. దాని కింద ఖాతాదారు వేలిముద్ర వేయాలి. మునియప్ప అదే వేలు వేశాడు, అదే మచ్చ పడింది. ఆ మచ్చను ఎవరూ పోల్చలేదు, నిపుణుడికి పంపలేదు. బ్యాంకు తన నష్టానికి పూచీ రాయించుకునేటప్పుడు మచ్చ చాలింది. ఆయన డబ్బు ఆయనకిచ్చేటప్పుడు మాత్రం గీతలు కావలసివచ్చాయి. నలభై ఏళ్ళు కావస్తున్నా ఈ లెక్క నాకు కుదరలేదు.

డబ్బంతా తీసుకుని ఆయన ఖాతా మూసేశాడు. పాసుబుక్కు నా బల్ల మీద పెట్టి, “ఇంక ఎలకలే మేలు సామీ” అన్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. మోసాన్ని ఆపడానికి పెట్టిన ప్రతి నిబంధనా ముందుగా ఆపేది నిజమైనవాణ్ణే. దొంగ నిబంధన తెలుసుకుని వస్తాడు, సొంతదారు ఊరికే వస్తాడు. కాబట్టి నిబంధన రాసేవాడు దాన్ని ముందు తన మీద ప్రయోగించుకోవాలి. తర్వాతి ఉద్యోగకాలంలో నేను రాసిన ప్రతి నిబంధననూ అలా నా మీద ప్రయోగించుకునే విడుదల చేశాను. అందుకే చాలా తక్కువ రాశాను.

ఇక శేషగిరి సంగతి. ఆ ఏడాది చివర్లో ఆయన మా శాఖ తనిఖీకి వచ్చాడు. పని ముగించుకుని, ఊరికి పోయేముందు కొంత నగదు కావాలని తన క్రెడిట్ కార్డు నా బల్ల మీద పెట్టాడు. శాఖల్లో కార్డు మీద నగదు ఇచ్చే ఏర్పాటు అప్పట్లో ఉండేది. నేను కార్డు వెనక్కి తిప్పాను. సంతకం చేయవలసిన తెల్లటి పట్టీ తెల్లగానే ఉంది. అయ్యగారు సంతకం చేయడం మరిచారు. అలాంటి కార్డు చూపినవాడి చేత అక్కడికక్కడ సంతకం చేయించుకోకూడదు, కార్డు స్వాధీనం చేసుకుని అతని ఎదుటే రెండుగా కత్తిరించి కార్డు కేంద్రానికి పంపాలి. ఈ నిబంధన కూడా ఆయన రాసిందే.

ఆయన నవ్వుతూ పెన్ను తీశాడు. “ఇప్పుడు చేస్తాలేవయ్యా.”

“వీల్లేదు సార్” అన్నాను.

“నేనెవరో నీకు తెలియదా?”

“నాకు తెలిస్తే ఏం లాభం సార్? కార్డు మీద మీ ముఖం లేదు.”

ఆయనకు గుర్తుకు రావడానికి కొంచెం సమయం పట్టింది. మేనేజరు తన గదిలోంచి తొంగిచూసి, ఏదో ముఖ్యమైన ఫైలు వెతుక్కుంటూ కిందికి వంగిపోయాడు. గుమాస్తా కత్తెర అందించాడు. నేను సర్క్యులర్ నంబరు చదివి వినిపించి, ఆయన ఎదుటే కార్డును నిదానంగా, వంకర పోకుండా రెండు ముక్కలు చేశాను. ముక్కలు కవరులో పెట్టి, అతికించి, రసీదు రాసి ఆయన చేతికిచ్చాను. రిజిస్టర్డు పోస్టు ఖర్చు ఆయన ఖాతాకే రాశాను.