పరీక్షకు రాని పేజీ

‘తెలియదు’ అన్న మాట సైన్సు టీచరమ్మ నోట విన్నవాళ్లు ఆ బడిలో లేరు. పిల్లలు చాటుగా ఆవిడను ‘గైడు మేడం’ అనుకునేవారు. ప్రశ్న అడగడమే తరువాయి, జవాబు పాయింట్లతో సహా వచ్చి పడేది. గైడులో లేనివాటికి కూడా జవాబులు అలాగే వచ్చి పడేవి. చిక్కంతా అక్కడే.

కేంద్రకాన్ని చీల్చే విచ్ఛిత్తి గురించి పాఠ్యపుస్తకంలో పేజీలకు పేజీలు ఉంది. బాంబు గురించి, గొలుసు చర్య గురించి ఆవిడ చెబుతుంటే వెనక బెంచీలో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. కేంద్రకాలను కలిపే సంలీనానికి మాత్రం చివర్లో ఒక్క పేజీ. అందులోంచి ఏనాడూ పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న వచ్చిన పాపాన పోలేదు. అందుకని ఏటా ‘ఇది ఇంట్లో చదువుకోండి’ అనేది. ఆవిడకు చదువు చెప్పిన మాస్టారూ అలాగే అన్నాడు. పిల్లలు ఇంట్లో చదవలేదు. నిజం చెప్పాలంటే ఆవిడా చదవలేదు.

ఆవిడ ఆడపడుచు కూతురు వెల్డరు. చేతి పని చూసి ముచ్చటపడి, కొత్తగా కడుతున్న సంలీన పరిశోధన కేంద్రం వాళ్లు ఆ పిల్లను పనిలోకి తీసుకున్నారు. వచ్చే నెలలో చేరాలి. ఆదివారం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు పిల్ల తండ్రి, బస్సు డ్రైవరు, అనుమానం బయటపెట్టాడు.

“చెల్లెమ్మా, అది పేలుతుందంటున్నారు. నిజమేనా?”

“సూర్యుడిలో జరిగేదాన్ని తెచ్చి డబ్బాలో పెడితే ఊరుకుంటుందా అన్నయ్యా? అదుపు తప్పిందంటే ఊరూ వాడా మిగలవు” అని, ఆవిడ కూర గిన్నె దగ్గరికి లాక్కుంది.

“అయితే ఆ ఉద్యోగం వద్దు” అన్నాడు డ్రైవరు. పిల్ల సగం అన్నం వదిలేసి లేచిపోయింది.

మర్నాడు సాయంత్రం బడి వదిలే వేళకు ఆ పిల్లే వచ్చింది. “అత్తా, నువ్వు చెప్పింది నిజమైతే నేనే మానుకుంటాను. పుస్తకంలో ఎక్కడుందో చూపించు, చాలు.”

ఆవిడ పుస్తకం తెరిచింది. అన్ని పేజీల్లోనూ ఎర్ర గీతలే, ఈ పేజీ మాత్రం తెల్లగా మెరిసిపోతోంది. పేలుతుందని అందులో లేదు. పేలదనీ లేదు.

“కనుక్కుని చెప్తానమ్మా” అంది.

స్టాఫ్ రూములో అడిగితే లెక్కల మాస్టారు అది హైడ్రోజన్ బాంబే అన్నాడు. తెలుగు మేడం, విదేశాల్లో ఇప్పటికే ఇళ్లకు దాని కరెంటే వస్తోందంది. హెడ్మాస్టరు ‘అది పరీక్షకు రాదు కదమ్మా, ఎందుకొచ్చిన గొడవ’ అని తేల్చేశాడు. ముగ్గురూ గట్టిగానే చెప్పారు. తన గొంతు కూడా ఇలాగే ఉండేదేమో అనిపించి ఆవిడకు సిగ్గేసింది.

ఆ వారమంతా ఆవిడ చదివింది, ఫోనులో పాఠాలు విన్నది, అర్థం కానిచోట మళ్లీ మొదటికి వెళ్లింది. వంట ఆలస్యమైందని మొగుడు సణిగితే ‘మీరే వండండి’ అంది. ఆయన వండాడు, అది వేరే కథ. చివరికి ఆడపడుచు ఇంటికి వెళ్లింది.

“అన్నయ్యా, మొన్న నేను తప్పు చెప్పాను. అది బాంబులా పేలేది కాదు. అసలు ఆ వేడిని నిలబెట్టడమే గగనం. ఏ కాస్త తేడా వచ్చినా గాలిలో గీసిన అగ్గిపుల్లలా ఆరిపోతుంది.”

డ్రైవరు ఆవిడను ఎగాదిగా చూశాడు. “మొన్న కూడా ఇంతే గట్టిగా చెప్పావు చెల్లెమ్మా. ఏది నమ్మమంటావు?”

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. కోపం రాలేదు, ఎందుకంటే ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. “రేపు ఆ పేజీ పాఠం చెబుతున్నాను, వచ్చి కూర్చోండి” అనగలిగింది.

మర్నాడు డ్యూటీ దిగి, యూనిఫాం మీదే వచ్చి వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడాయన. పాఠం అంతా విని, పిల్లల్లాగే చెయ్యెత్తాడు.

“అయితే ప్రమాదమే లేదా?”

“ఉంది. యంత్రం నడిచాక లోపలి గోడలు రేడియోధార్మికంగా మారతాయి. జాగ్రత్తగా ఉండాల్సిందే.”

“మరి తర్వాత రిపేర్లకు వెల్డర్లను లోపలికి పంపుతారా?”

“మొదటి పాయింటు...” అని అలవాటుగా మొదలుపెట్టి ఆవిడ ఆగిపోయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

“నాకు తెలియదు అన్నయ్యా. వాళ్లనే అడగాలి. మీతో నేనూ వస్తాను.”

క్లాసు బిత్తరపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆవిడా నవ్వేసింది. నెత్తి మీది బరువు దించినంత హాయిగా ఉంది ఆవిడకు.

గేటు దగ్గర కూతురు కాచుకుని ఉంది. “ఏమైంది నాన్నా?”

“ముందు నేనూ మీ అత్తా వెళ్లి వాళ్లను నాలుగు ముక్కలు అడిగొస్తాం. సరిగ్గా చెబితే నువ్వు చేరు.”

“అత్త మాట మళ్లీ నమ్ముతున్నావా?”

“మొన్న మీ అత్తకు అన్నీ తెలుసు. ఇవాళ కొన్నే తెలుసు” అన్నాడు డ్రైవరు. “అందుకే నమ్ముతున్నాను.”