మళ్ళీచెప్పు మేడం

మా అక్కను ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. మా నీటి సరఫరా ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా నోటీసులు రాసేది ఆవిడే. ఫలానా వీధికి రేపు నీళ్ళు రావు, ఫలానా చోట గొయ్యి తవ్వాం చూసి నడవండి, ఇలాంటివి. అదేమన్నా పెద్ద పనా అంటారా? ఒక్కటి రాసి చూడండి, తెలుస్తుంది.

అక్కకు ఒక పట్టింపు ఉంది. రాసిన కాగితం సంతకానికి పంపే ముందు, ఆఫీసు ఊడ్చే పెద్దమ్మను పిలుస్తుంది. పెద్దమ్మకు చదువు రాదు. అక్క చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వేం చెయ్యాలో మళ్ళీ చెప్పు" అంటుంది. పెద్దమ్మ తడబడిందంటే తప్పు పెద్దమ్మది కాదు, కాగితానిది. చింపి మళ్ళీ రాయాల్సిందే. ఒకే నోటీసు నాలుగుసార్లు చింపిన రోజులున్నాయి. అందుకే ఆఫీసంతా ఆవిణ్ణి వెనకాల 'మళ్ళీచెప్పు మేడం' అంటారు. నేనైతే మొహం మీదే అనేవాణ్ణి.

నేను అదే ఆఫీసులో ఫిట్టర్‌ని. పైపులు విప్పడం, కలపడం నా పని. పనిమంతుణ్ణని పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

ఒక సోమవారం మూడు వీధులకు కొత్త పైపు కలపాల్సి వచ్చింది. గోతిలో రెండు పాత పైపులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఏటి నీళ్ళను శుద్ధి కేంద్రానికి తీసుకుపోయేది, రెండోది శుద్ధి అయిన నీళ్ళను ఇళ్ళకు తెచ్చేది. మంచినీళ్ళ పైపుకు నీలం రంగు పట్టీ ఉంటుంది. బురద గీకి, ఆ పట్టీ కళ్ళారా చూశాకే కలపాలి. నేను గీకలేదు. ఇన్నేళ్ళ చెయ్యి, దానికి తెలియదా అనుకున్నాను. తెలియలేదు. మంగళవారం పొద్దున ఆరింటికి నీళ్ళు వదిలారు. పదకొండింటికి గొయ్యి పూడ్చడానికి వెళ్తే, ఎండిన బురద పెళ్ళలుగా ఊడి నీలం పట్టీ కనిపించింది. నేను కలిపిన పైపు మీద కాదు, పక్కదాని మీద. వాల్వు కట్టేసి ఆఫీసుకు పరుగెత్తాను.

ఇంజినీరుగారు తల పట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "మేడం, కాస్త జాగ్రత్తగా రాయండి. 'అనివార్య సాంకేతిక కారణముల వలన నీటి నాణ్యతలో స్వల్ప మార్పు గమనించడమైనది, వినియోగదారులు సహకరించగలరు.' అంతే చాలు" అన్నారు.

నేను అక్కను వరండాలోకి లాక్కెళ్ళాను. "అక్కా, ఆయన చెప్పినట్టే రాసెయ్. నీకు దండం పెడతాను. తప్పు మాదని రాశావంటే నా ఉద్యోగం ఊడుతుంది."

అక్క ముఖం పాలిపోయింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. "సరే, అలాగే రాస్తాను. పెద్దమ్మకు మాత్రం నువ్వే చదవాలి" అంది.

చదివాను. పెద్దమ్మ చీపురు గోడకు ఆనించి శ్రద్ధగా వింది.

"ఇప్పుడు నువ్వేం చెయ్యాలో మళ్ళీ చెప్పు" అంది అక్క.

"సహకరించాలంట."

"అంటే?"

"ఏమోనమ్మా. మీకేదో ఇబ్బందొచ్చింది కాబోలు, మేం గొడవ చెయ్యకూడదు." చీపురు అందుకోబోయి ఆగింది. "ఇంతకీ ఏ వీధులు బాబూ?"

చెప్పాను.

"అయ్యో, మధ్య వీధిలోనేగా మా ఇల్లు! పొద్దున రెండు బిందెలు పట్టిపెట్టి వచ్చాను. ఇంట్లో కోడలు బాలింత. ఆ నీళ్ళు తాగొచ్చా, తాగకూడదా? ఆ ముక్క లేదే ఇందులో?"

అక్క నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఆవిడ మీద విరుచుకుపడేవాణ్ణేమో. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"తాగకూడదు పెద్దమ్మా. నేనే తప్పు పైపుకు కలిపాను. పరుగెత్తుకెళ్ళి పారబొయ్యి" అన్నాను. పెద్దమ్మ చీపురు అక్కడే పడేసి పరుగెత్తింది. ఆ కాగితం నేనే చింపాను. "రాయక్కా. ఉన్నదున్నట్టు రాయి."

అక్క రాసింది: "ఈ రోజు పొద్దున మీ కుళాయిల్లో వచ్చినవి శుద్ధి చేయని నీళ్ళు. తాగకండి, వంటకు వాడకండి, పట్టినవి పారబోయండి. తాగినవాళ్ళకు వాంతులు, విరేచనాలు అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. గంటలో మంచినీళ్ళ ట్యాంకరు వస్తుంది. పైపు తప్పుగా కలిపింది మేమే. నీళ్ళు బాగయ్యాక మేమే వచ్చి చెబుతాం."

"తప్పు మాదేనని రాయాలా మేడం?" అని గొణిగారు ఇంజినీరుగారు.

"రేపు ఎవరైనా మంచాన పడితే, వాళ్ళ దగ్గరికెళ్ళి సహకరించమని మీరు చెబుతారా సార్?" అంది అక్క. ఆయన సంతకం పెట్టారు.

ఆటోలో మైకు పట్టుకుని మూడు వీధులూ తిరిగింది నేనే. 'మేమే' అని రాసిన చోట 'నేనే' అని చదివాను. తిట్టారండీ, మామూలుగా కాదు. ఒకావిడ బిందెడు నీళ్ళూ తెచ్చి నా కాళ్ళ మీదే కుమ్మరించింది. పడాల్సిన మాటలే, పడ్డాను. పదకొండు మందికి కడుపులో తేడా చేసింది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళారు కాబట్టి రెండో రోజుకల్లా అందరూ ఇళ్ళకు తిరిగొచ్చారు. ఉద్యోగం ఊడలేదు గానీ, నన్ను మూడు నెలలు పక్కన పెట్టారు. ఇంట్లో కూర్చుని రోజూ అక్క మీద చిరాకు పడ్డాను, అబద్ధమెందుకు.

పైపులన్నీ కడిగి, నీళ్ళు పరీక్ష చేయించాక, ఐదో రోజున అక్క రెండో నోటీసు రాసింది. రెండే వాక్యాలు: "నీళ్ళు బాగున్నాయి. తాగండి."

ఇక మమ్మల్ని ఎవరు నమ్ముతారులే అనుకున్నాను. ఉండబట్టలేక వెళ్ళి మధ్య వీధి మలుపులో నిలబడ్డాను. పెద్దమ్మ కుళాయి తిప్పి, గ్లాసు నింపి, గుమ్మంలో కూర్చున్న కోడలి చేతికిచ్చింది.

పక్కింటావిడ, అదే, నా కాళ్ళ మీద నీళ్ళు పోసినావిడే, గభాలున అడ్డం వచ్చింది. "ఏం చూసుకుని తాగిస్తున్నావు? వాళ్ళ మాట ఎలా నమ్ముతావు?"

"బాగోలేనప్పుడు బాగోలేవని చెప్పింది కూడా ఆవిడేగా" అంది పెద్దమ్మ.

పక్కింటావిడ లోపలికి వెళ్ళి బిందె తెచ్చి కుళాయి కింద పెట్టింది.

ఆ 'ఆవిడ' మా అక్కండీ.