కాళ్ళు నేలకందని కుర్చీ

ఒక పొద్దున హాస్టల్లో నీళ్ళ బకెట్ ఎత్తబోయి అలాగే వంగిపోయాను. నడుము కింద ఎవరో పట్టి తిప్పినట్టయింది. నొప్పి ఎడమ తొడ వెనుకగా పిక్క దాకా దిగింది. అప్పుడు వరంగల్‌లో ఎం.ఏ. ఆఖరి సంవత్సరం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఒక ఏడాది చదువు పోయింది. ఇంకొకటి పోతే చదివించే స్తోమత మా ఇంట్లో లేదు. పరీక్షలకు నాలుగు నెలలున్నాయి.

మొదటి అనుమానం నా గదిలోనే ఉండే యాదగిరి మీద. నా మంచం నవారు అతనే వదులు చేశాడనుకున్నాను. అడిగితే నవ్వాడు.

"నీ మంచంతోని నాకేం పని దొరా? పొద్దుందాక గా కుర్చీల బొమ్మ లెక్క కూసుంటవ్. నడుం పట్టకపోతే ఏమైతది?"

ఆ కుర్చీ మా తాతది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా దొరల కోటలాంటి ఇల్లు, గడి, కూలాక మిగిలిన సామానులోంచి తెచ్చుకున్నాను. ఎత్తైన కుర్చీ. కాళ్ళు పెట్టుకునే పీట ఎప్పుడో పోయింది. కాళ్ళు వేలాడేవి. నలుగురి ముందు వెనక్కి వాలడం మా ఇంట్లో తప్పు. రోజుకు పది గంటలు అలాగే చదివేవాడిని. మిగతావాళ్ళు చాప మీద, లేస్తూ కూర్చుంటూ చదివేవారు.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు.

"బోన్ మంచిగనే ఉంది. మజిల్ స్పాస్మ్, నర్వ్ మీద జర ప్రెషర్" అన్నాడు డాక్టర్. "ఎట్ల కూసుంటవ్?"

"అందరి లెక్కనే" అన్నాను.

ఊరు, ఇంటిపేరు చెప్పగానే పెన్ను ఆపాడు. "మా బాపు మీ గడి ముంగట శాన సార్లు నిలబడ్డడు. కూసోమని ఎవ్వలూ అనలే. ఆయనకైతే నడుంనొప్పి రాలే." కాంపౌండర్ నవ్వాడు. నేను నవ్వలేదు.

చెక్కబల్ల మీద పదిరోజులు బెడ్ రెస్ట్. నొప్పి తగ్గగానే మళ్ళీ ఆ కుర్చీ ఎక్కాను. వారానికే నొప్పి రెట్టింపైంది, కాలి బొటనవేలు తిమ్మిరెక్కింది. ఈసారి కాలికి బరువు కట్టి లాగే ట్రాక్షన్ పెట్టారు. తోడొచ్చిన యాదగిరి కుర్చీ సంగతి చెప్పేశాడు.

"ఇగ ఆ కుర్చీ బంద్. చిన్న స్టూల్ మీద కూసో. పాదాలు నేలకానాలె. అర్ధగంటకోసారి లేసి నిలబడు" అన్నాడు డాక్టర్.

తన తండ్రి నిలబడ్డందుకు నన్ను నిలబెడుతున్నాడనుకున్నాను. చీటీ దాచి, జనగామలో మరో డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఇంటిపేరు మార్చి చెప్పాను. ఆయనా అదే మాట. ఇద్దరూ ఒకటేనేమోనని తిరుగు బస్సులో ఆలోచించాను. కానీ ఆ బస్సులో కూర్చుంటే నొప్పి, నిలబడితే ఉపశమనం. నా నడుము వాళ్ళతో కుమ్మక్కు కాలేదు కదా. ఆ సాయంత్రమే యాదగిరి దగ్గరున్న చిన్న స్టూల్ అడిగి తీసుకున్నాను.

పరీక్ష హాల్లో మధ్యమధ్య లేచి నిలబడాలంటే సర్టిఫికెట్ కావాలన్నారు. ఆ వరంగల్ డాక్టర్ దగ్గరికే పోవలసి వచ్చింది. గుమ్మంలో నిలబడి అడిగాను.

"ముందు కూసో" అన్నాడు.

రాసిచ్చాడు. బయటికొచ్చి, ఎక్కడైనా వెక్కిరింపు ఉందేమోనని మూడుసార్లు చదివాను. జబ్బు పేరు, ఒక వాక్యం, సంతకం. అంతే. అన్ని పేపర్లూ రాశాను, పాసయ్యాను.

ఇప్పుడు మహబూబాబాద్‌లో లెక్చరర్‌ని. దూరం బస్సెక్కితే నొప్పి ఇప్పటికీ వస్తుంది. పీరియడ్ మధ్యలో క్లాసంతటినీ ఒకసారి లేపి నిలబెడతాను. "సార్‌కు దొరతనం ఇంక పోలే" అని వెనక బెంచీలో గొణుగుతారు. విననట్టే ఉంటాను.

చదువుకునేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. డాక్టర్ మీద నమ్మకం కుదరకపోయినా సరే, రోజుకు ఎన్ని గంటలు, దేని మీద, ఎలా కూర్చుంటారో మొదటిరోజే ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి.