పదిహేను చొప్పున ఇరవై నాలుగు వరసలు

మొన్న కాకినాడ బజారులో ఎండుచేపల వాసన తగలగానే అక్క గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఉప్పాడలో అమ్మ ఇసుక మీద పాత వల పరిచి చేపలు ఎండబెడుతుంటే, అక్క ఆ వరసలు చూపించి నాకు లెక్కలు నేర్పేది.

"ఇరవై నాలుగు వరసలు, వరసకు పదిహేను. ముందు పదితో గుణించవే. వచ్చినదాంట్లో సగం మళ్ళీ కలుపు."

నేను మూడో తరగతిలో ఉండగా మా బడిలో ఓ పరీక్ష పెట్టి, లెక్కల్లో చురుకైన పిల్లల్ని ఆ ఒక్క పీరియడ్‌కి రెండేళ్ళు పై తరగతిలో కూర్చోబెట్టారు. నాకు అక్క వాళ్ళ క్లాసే వచ్చింది. ఎగురుకుంటూ వెళ్ళి అక్క పక్కనే కూర్చున్నాను.

మొదటి రోజే సార్ అక్కని లేపి, ఇరవై నాలుగు పదిహేనులు ఎంతని అడిగారు. సారంటే అక్కకు భయం. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మర్చిపోయిందేమో, దెబ్బలు తప్పిద్దామని నేనే లేచి చెప్పేశాను.

"మూడొందల అరవయ్యండి."

"నీ చెల్లిని చూసి నేర్చుకోమ్మా," అన్నారు సార్. అక్కని కూర్చోమనడం మర్చిపోయారు. బెల్లు కొట్టేదాకా అక్క నిలబడే ఉంది.

ఆ సాయంత్రం చేపలు ఎత్తుతుంటే, "లెక్క అడుగక్కా," అన్నాను.

"నీకన్నీ వచ్చు కదే," అంది తలెత్తకుండా.

మెచ్చుకుందనుకుని మురిసిపోయాను. ఆ తర్వాత అక్క ఎప్పుడూ నన్ను లెక్క అడగలేదు.

ఆ లెక్క నాకెవరు నేర్పారో సార్ అడగలేదు. అడగలేదని నేనూ చెప్పలేదు.