ముడి లేని నల్లపూసలు

మా బాబుకు అప్పుడు ఐదో నెల. పాలు తాగుతూ నా నల్లపూసలు పట్టుకుని లాగేవాడు. త్రిపురాంతకంలో మాతోనే ఉండే అత్తమ్మ గట్టి దారం తెచ్చి, పూసపూసకూ ముడి వేసి గుచ్చి ఇచ్చింది. "తెగినా ఒకటే రాలతాదిమ్మా" అంది.

ఇంతలో గిద్దలూరులో పెళ్లి. ఆ ముడులు నాకు మోటుగా కనిపించాయి. ఆమెకు చెప్పకుండా కత్తిరించి, సన్న దారానికి నేనే మళ్లీ గుచ్చుకున్నాను.

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు పాలిస్తుంటే బాబు లాగాడు. దారం తెగి పూసలన్నీ రాలాయి, ఒకటి వాడి నోట్లోకి పోయింది. ఊపిరాడక మొహం నల్లబడింది. "అత్తమ్మా" అని అరిచాను. అత్తమ్మ పరుగున వచ్చి, వాణ్ణి చేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి వీపు చరిచింది. పూస బయటపడింది.

సాయంత్రం మా ఆయన, "ఎట్ల తెగింది?" అన్నాడు. అత్తమ్మ నావైపు ఒకసారి చూసి, "నేనే సరిగ్గా గుచ్చలేదు నాయనా" అంది. ఆయన ఆమెను కోప్పడుతుంటే నేను బాబును ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పుడు అత్తమ్మ లేదు. ఆ మాట వస్తే మా ఆయన, "అమ్మకు అప్పటికే చూపు తగ్గిందిలే" అంటాడు. ఇది చదివితేనే ఆయనకు తెలుస్తుంది.